తక్కువ కొటేషను, ఆగిన బండి

నూలు కొనునపుడు కౌంటు చూచెదము, పోగు లాగి బలము చూచెదము. సరుకు మోసే డీజిలు బండికి బ్యాటరీ కొనునపుడు మన సంఘాలకు ఈ శ్రద్ధ ఎందుకుండదో బోధపడదు. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదానిపై సంతకము చేసినచో కమిటీ పని తీరినట్లే.

గత పుష్యమాసమున మా షోలాపూరులో జరిగినది చెప్పెదను. తెల్లవారుజామున తువ్వాళ్ళ బేళ్ళు ఎక్కించిన సంఘపు పికప్పు ‘టిక్కు’మని ఊరకున్నది. బ్యాటరీ కొని మూడు నెలలే! పూణే వర్తకునికి సరుకు మరునాటికి గాని చేరలేదు. అతడు తరువాతి ఆర్డరులో సగము వేరొకరికిచ్చెను. ఆ సగముతో పదకొండు ఇండ్ల మగ్గములు ఆడవలసియుండెను. బ్యాటరీలో మిగిల్చినది పదహారు వందల రూపాయలు.

విచారింపగా అది చిన్న పెట్రోలు కారుకు తగినదని తేలినది. డీజిలు ఇంజనులో మంట పుట్టించు స్పార్కు లేదు. గాలిని బాగుగా అదిమి, ఆ వేడిచేతనే నూనెను మండించవలెను. కనుక స్టార్టరుకు బలము ఎక్కువ కావలెను. చలిలో ఇంజను ఆయిలు చిక్కబడును, గ్లో ప్లగ్గులు కరెంటు లాగును, బ్యాటరీయే నీరసించును. అందుచేత ఆంపియర్ అవర్లు మాత్రమే చూచిన చాలదు. చలిలో ఒక్కసారిగా ఎంత కరెంటు ఇయ్యగలదో తెలుపు సి.సి.ఎ. అంకె బండి పుస్తకములో చెప్పినదానికి తగ్గరాదు. తయారైన నెల కూడ చూడవలెను. దుకాణములో నెలల తరబడి పడియున్నది చార్జి కోల్పోవును. మీటరు 12.6 వోల్టులకు తక్కువ చూపినచో చార్జి చేయించి మరీ తీసికొనుడు. కొన్ని పెద్ద పికప్పులకు రెండు బ్యాటరీలుండును. వాటిని జంటగానే మార్చవలెను, లేనిచో పాతది కొత్తదానిని పాడుచేయును.

బిగించుటలోను అశ్రద్ధ కూడదు. విప్పునపుడు నెగటివు ముందు, తగిలించునపుడు నెగటివు చివర. లేనిచో పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేచును. క్లాంపు వదులుగా ఉన్నచో మన రోడ్ల కుదుపులకు లోపలి పలకలు రాలిపోవును. ఇంజను నడుచుచుండగా మీటరు సుమారు 14 వోల్టులు చూపనిచో చార్జింగులోనే లోపమున్నదేమో చూపించవలెను. పాతదానిని దుకాణమునకే తిరిగి ఇయ్యుడు. 2022 నాటి నిబంధనలు వాటిని సేకరించు బాధ్యత తయారీదారులపై పెట్టినవి. పిల్లలు తిరిగే సందులలో సీసము కరిగించువారికి అమ్మవద్దు.

వచ్చే సమావేశములో, ధరతోపాటు సి.సి.ఎ., తయారైన నెల, గ్యారంటీ చూపని కొటేషను త్రోసివేయవలెనని తీర్మానము పెట్టబోవుచున్నాను. డ్రైవరు సంతకము కూడ ఉండవలెను. ఆ బ్యాటరీ చాలదని అతడు కొన్ననాడే చెప్పెనట! కమిటీ గదిలోనికి అతనిని పిలిచినవారు లేరు.