మెరెట్రిక్స్: ఆర్జన యెవరిది?

ఇటీవల మా యూరి పఠనమందిరమున నొక మిత్రులు ప్రసంగించుచు, లాటినుభాషలో వేశ్యకు ‘మెరెట్రిక్స్’ అని పేరనియు, దాని కర్థము ‘ఆర్జించునది’ యనియు, కావున రోములో నా వృత్తి స్వేచ్ఛతోఁ గైకొన్న గౌరవప్రదమైన జీవనోపాయమే యనియు సెలవిచ్చిరి. సంఘసంస్కర్తల యాక్రోశము వట్టిదని వారి తాత్పర్యము. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. మేము చేయలేదు. ఏల చేయలేదో చదువరులకు విన్నవింతుము.

మిత్రులు చెప్పిన వ్యుత్పత్తి సత్యమే. ‘మెరేరే’ యనఁగా సంపాదించుట, అర్హత పొందుట. ‘ట్రిక్స్’ అనునది స్త్రీవాచకమగు కర్తృప్రత్యయము; సంస్కృతమున జేత, జేత్రి యనునట్లే లాటినున విక్టోర్, విక్ట్రిక్స్. సైనికుఁడు జీతము గొని కొలువు చేయుటకును నీ క్రియనే వాడిరి. ఇంగ్లీషున ‘మెరిట్’ అను యోగ్యతావాచకమును దీని సంతానమే. అదే యింగ్లీషున ‘మెరెట్రిషస్’ అనఁగాఁ బైమెఱుఁగే కాని లోన సారము లేనిది. తోఁబుట్టువులలో నొకతెకు బడిలో బహుమానము, రెండవదానికిఁ దిట్టు! రోమనుల కింతకంటెఁ గటువైన మాటలును గలవు: ‘స్కోర్టుమ్’ అనఁగాఁ దోలు, ‘లూపా’ యనఁగా నాఁడుతోఁడేలు. వానితోఁ బోల్చిన మెరెట్రిక్స్ మర్యాదగల మాటయే. ఇంతవఱ కొప్పుకొంటిమి.

కాని వ్యుత్పత్తి మాట పుట్టుకఁ జెప్పును. ధన మెవరి సంచిలోఁ బడినదో చెప్పదు. బురదలోఁ బుట్టిన దెల్లఁ బంకజము కాదని మన బడిపిల్లలును నెఱుఁగుదురు. రోములో నీ వృత్తియందుండిన స్త్రీలలోఁ బెక్కండ్రు బానిసలు. బానిస యార్జనము శాసనరీత్యా యజమానునిది. ఈ వ్యాపారము నడపు యజమానుని లాటినున ‘లేనో’ యందురు. ప్లాటసు వ్రాసిన ‘రూడెన్స్’ అను ప్రహసనమునఁ బలేస్ట్రా యను బాలికను శైశవముననే దొంగ లపహరింపఁగా, లాబ్రాక్స్ అను లేనో యామెను గొనెను. తుద కామె ఏథెన్సు పౌరుని కూఁతురని తేలినది గనుక విముక్తురాలయ్యెను. తేలకున్న నామె గతి యేమి? నాటకకర్త కా చింత లేదు. ప్రేక్షకులు నవ్వి యిండ్లకుఁ బోయియుందురు. దేహమే తనది కాని దానికి ఆర్జన తన దెట్లగును?

స్వతంత్రులును గొందఱుండిరి. వారికైనను గౌరవము దక్కెనా? శాసనము వారిపై ‘ఇన్ఫామియా’ యను నపకీర్తిముద్ర వేసెను. డొమీషియను చక్రవర్తి (క్రీ. శ. 81–96) అపకీర్తి గల స్త్రీలు పల్లకి యెక్కరాదనియు, మరణశాసనములవలన నాస్తిఁ గొనరాదనియు నాజ్ఞాపించెను. అంతకుముందు క్రీ. శ. 19వ యేఁట విస్టీలియా యను నున్నతకుటుంబపు స్త్రీ, వ్యభిచారశిక్ష తప్పించుకొనుటకై, అధికారులయొద్ద వేశ్యనని తన పేరు వ్రాయించుకొనెను. సెనేటు కలవరపడినది. తాతగాని తండ్రిగాని భర్తగాని అశ్వికశ్రేణికిఁ జెందిన స్త్రీ యెవతెయు నీ వృత్తిఁ జేయరాదని శాసించినది; విస్టీలియాను ద్వీపాంతరము పంపినది. గౌరవవృత్తియే యైనచో నింత కలవర మేల? మా మిత్రు లీ కథ వినియుండరు.

ధనమునకు మాత్రము మైల యంటలేదు. కలిగ్యులా ప్రభుత్వము (37–41) వేశ్యల యార్జనపైఁ బన్ను విధించెను. వృత్తి మానినవారిని సైతము విడువలేదు. లేనోకును నపకీర్తి యుండెను, కాని సంచి వాని చేతిలోనే యుండెను. వెల యిచ్చి వచ్చిన పురుషునికో, పన్ను లేదు, ముద్ర లేదు.

మన యమరకోశమున ‘రూపాజీవ’ యను మాట గలదు. రూపముచే జీవించునది యని యర్థము. కౌటిల్యుఁడు రూపాజీవలు తమ వెలకు రెట్టింపు ధనమును నెలనెలా రాజునకుఁ జెల్లింపవలెనని విధించెను. పన్ను విషయమున నా దేశమునకు నీ దేశమునకు భేదము గానము.

మా మిత్రులు నిఘంటువుఁ జూచి వాదించిరి గనుక మా మనవియు నిఘంటుకారులకే. మెరెట్రిక్స్ కెదుట ‘ఆర్జించునది’ యని వ్రాయుదురేని వ్రాయుఁడు. లేనో యను మాట కెదుట ‘ఆ యార్జనను గైకొనువాఁడు’ అని కూడ వ్రాయుఁడు.