పిల్లాడు లావైతే తప్పెవరిది?.. తిరువూరు పల్లెల నుంచి బెజవాడ హాస్టళ్ల దాకా ఇదే ప్రశ్న

"ఏంట్రా.. ఇంత లావైపోయావ్!" సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఇంటర్ కుర్రాడికి ఊళ్లో ఎదురయ్యే మొదటి పలకరింపు ఇది. పక్కింటి అమ్మాయికేమో ఇంకో మాట.. "ఏంటమ్మా, పుల్లలా అయిపోయావ్, అక్కడ తిండి పెట్టట్లేదా?" ఎన్టీఆర్ జిల్లా తిరువూరు నియోజకవర్గంలోని వినగడప లాంటి ఊళ్లలో ఈ రెండు మాటలూ ఒకే అరుగు మీద వినిపిస్తాయి. ఒకరికి "నోరు కట్టుకో" అని, ఇంకొకరికి "కాస్త గట్టిగా తిను" అని సలహాలు. సలహా వేరైనా నేరం మాత్రం పిల్లల మీదే!

నిజంగా అంతేనా? అంకెలు చూస్తే అలా అనిపించడం లేదు.

2016-18లో దేశవ్యాప్తంగా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు. 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఈ పిల్లలు రేపు ఎటు పోతారో చెప్పేది పెద్దవాళ్ల లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నట్లు తేలింది. అంతకుముందు సర్వేలో ఇది 33.2 శాతం. అదే సర్వేలో రాష్ట్ర మహిళల్లో సగానికి పైగా రక్తహీనత! అంటే ఒంట్లో బరువుంది, రక్తం లేదు. తిండి ఎక్కువైంది అనేకంటే తిండి మారిపోయింది అనడమే కరెక్ట్.

ప్రపంచం లెక్క కూడా ఈ మధ్యే తిరగబడింది. 2025 సెప్టెంబరులో యునిసెఫ్ ఇచ్చిన నివేదిక ప్రకారం 5-19 ఏళ్ల పిల్లల్లో ఊబకాయం 9.4 శాతం, తక్కువ బరువు 9.2 శాతం. ఊబకాయం పైకి రావడం ఇదే తొలిసారి. దక్షిణాసియా ఇంకా ఆ గీత దాటలేదు గానీ, పోతున్న దారి అదే. ఆ నివేదిక పిల్లల్ని తప్పుపట్టలేదు. పిల్లల చుట్టూ ఉన్న 'ఆహార వాతావరణాన్ని' తప్పుపట్టింది.

ఐదు రూపాయల దండలు

ఆ వాతావరణం ఎలా ఉంటుందో చూడాలంటే సాయంత్రం బడి వదిలే వేళకి ఏ పల్లెలోనైనా కిరాణా కొట్టు ముందు నిలబడితే చాలు. పైనుంచి కిందకి దండల్లా వేలాడే చిప్స్, కుర్‌కురే ప్యాకెట్లు. సరిగ్గా పదేళ్ల పిల్లాడి కంటి ఎత్తులో. ధర ఐదు రూపాయలు.

అరటిపండు కూడా దాదాపు అదే ధర కదా అనొచ్చు. కానీ అరటిపండు రెండు రోజుల్లో నల్లబడుతుంది. కొట్టువాడికి నష్టం. ప్యాకెట్ నెలల తరబడి ఉంటుంది. తోటమూల-వినగడప మధ్య కట్టలేరు పొంగితే రాకపోకలు ఆగిపోవడం ఈ ప్రాంతం వాళ్లకి తెలిసిందే. అలాంటప్పుడు కూరగాయల ఆటో రాకపోయినా ప్యాకెట్ మాత్రం కొట్లో చెక్కుచెదరదు. చిన్న కొట్టువాడు ఏది పెట్టుకుంటాడు? ఇందులో దురుద్దేశం ఏమీ లేదు, బతుకుతెరువు లెక్క అంతే. విచిత్రం ఏంటంటే ఇది మామిడి తోటల సీమ. ఇక్కడి కాయ నున్న మార్కెట్ మీదుగా లారీలెక్కి ఉత్తరాదికి పోతుంది. లోపలికొచ్చే లారీల్లో ప్యాకెట్లు వస్తాయి.

చట్టం లేదా అంటే, ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు అమ్మకూడదు. ఊరే బడి చుట్టూ ఉన్న చోట 50 మీటర్లు అంటే సగం బజారు! ఆ టేపు పట్టుకుని కొలిచేదెవరు?

ఇక పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, నమ్‌కీన్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. తీపి కలిపిన సోడా డ్రింకుల మీద మాత్రం 40 శాతం ఉంచారు. డ్రింకుల విషయంలో సర్కారు ఆలోచన బాగుంది. ప్యాకెట్ల విషయంలోనే మెలిక. ఐదు, పది రూపాయల ధర అలాగే ఉంచి లోపల గ్రాములు పెంచుతామని అప్పట్లో పలు కంపెనీలు చెప్పాయి. ఇంటి ఖర్చు చూసేవాళ్లకి ఇది శుభవార్తే. కానీ అదే ఐదు రూపాయలకి పిల్లాడి చేతికి ఇంకాస్త ఎక్కువ నూనె, ఉప్పు వస్తున్నాయన్నమాట.

ఉప్మా చెప్పిన నిజం

చుట్టూ ఉన్న పరిస్థితులు మారితే ఒళ్లు నిజంగా మారుతుందా? దీనికి మన తెలుగు గడ్డ మీదే ఆధారం ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987-90 మధ్య ఒక ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అంగన్‌వాడీ ద్వారా ఉప్మా పెట్టారు. మిగతా ఊళ్లలో ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలే 13-18 ఏళ్ల వయసుకొచ్చాక, 2003-05లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి మళ్లీ పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. మధుమేహం, గుండె జబ్బుల ముప్పును చెప్పే కొన్ని కొలతలు కూడా వాళ్లలో మెరుగ్గా ఉన్నాయి.

గమనించారా? ఆ పిల్లలెవరూ క్రమశిక్షణతో డైటింగ్ చేయలేదు. వాళ్ల ఊళ్లో పథకం ఉంది, అంతే.

ఆ లెక్కన మన బడి భోజనాన్ని తక్కువగా చూడకూడదు. డొక్కా సీతమ్మ పేరుతో ఇప్పుడు నడుస్తున్న మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశెనగ చిక్కీ, రాగిజావ ఉన్నాయి. ప్రభుత్వాలు మారినా, పథకం పేరు మారినా గుడ్డు మాత్రం పళ్లెంలో మిగిలింది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ భోజనం విస్తరించారు. పదిహేను, పదహారేళ్ల వయసు ఆకలి ఎక్కువగా ఉండే వయసు కాబట్టి ఇది ఆలస్యంగా వచ్చినా మంచి నిర్ణయమే.

బస్సెక్కాక అసలు కథ

కానీ తిరువూరు పల్లెల పిల్లల్లో చాలామంది పదో తరగతి అయ్యాక ప్రభుత్వ కాలేజీకి పోవడం లేదు. సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ.. కార్పొరేట్ కాలేజీ.. హాస్టల్. తెల్లవారుజామున లేపితే రాత్రి పదింటి దాకా స్టడీ అవర్. 5-17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో నడిచే కాలేజీలో ఆ ఆట ఆడేదెక్కడ? టిఫిన్ పదిహేను నిమిషాల్లో ముగించాలి. నచ్చకపోతే మానేయడమే. రాత్రి ఆకలేస్తే ట్రంకు పెట్టెలో దాచుకున్న నూడుల్స్, బిస్కెట్లు. ఆదివారం బయటికి వదిలితే ఫ్రైడ్ రైస్ బండి. దీనికి తోడు నిద్ర తక్కువ. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఈ టైం టేబుల్‌లో ఎవరిని పెట్టినా లావైనా అవుతారు, చిక్కిపోనైనా పోతారు.

ఊళ్లో ఉండిపోయిన అమ్మాయిల పరిస్థితి మరోటి. పెద్దమనిషి అయిన దగ్గర్నుంచి గ్రౌండ్ బంద్. కబడ్డీ, ఖోఖో అన్నీ తమ్ముళ్లకే. గతంలో 'బడికొస్తా' పథకం కింద హైస్కూల్ ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. చదువు కోసం ఇచ్చినవే, కానీ రోజూ ఆ తొక్కుడే వాళ్లకి దక్కిన వ్యాయామం.

ఇక అరుగు మీద మాటలు. వీటిని తేలిగ్గా తీసుకుంటాం గానీ ఇవి కూడా వాతావరణంలో భాగమే. 'లావు' అని పదిమందిలో అనిపించుకున్న అమ్మాయి మొదట చేసేది పొద్దున టిఫిన్ మానేయడం. 'ఎముకల గూడు' అని పేరు పడిన అబ్బాయి రీల్స్ చూసి ప్రొటీన్ పౌడర్ డబ్బా కొంటాడు. పైగా ఎదిగే వయసులో ఊరికే బరువు చూస్తే ఏమీ తెలియదు. వయసు, ఎత్తుతో కలిపి చూడాలి. ఆ పని బడికొచ్చే ఆరోగ్య సిబ్బందో, డాక్టరో చేయాలి గానీ, పెళ్లి భోజనాల దగ్గర మేనత్త కాదు.

ఇంటర్ అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు కాలేజీ ఆఫీసులో అడిగేవి రెండే.. ఫీజెంత, ర్యాంకులెన్ని? ఆటకి రోజూ ఎంత టైం ఇస్తారు, రాత్రి భోజనం ఎన్నింటికి, పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోతారు అన్న మూడు ప్రశ్నలు కూడా అదే కౌంటర్ దగ్గర అడగొచ్చు. డబ్బు కట్టకముందు అడిగితేనే సమాధానం వస్తుంది.