మధ్యలో మిగిలిన మూడెకరాలు

గత నెల విజయవాడలో మన సంఘం ఆఫీసుకు బంటుమిల్లి వైపు నుంచి ఒక సభ్యుడు వచ్చారు. ఆయనది మూడెకరాల వరి చేను. రెండేళ్ల కిందట కుడి గట్టు అవతల రొయ్యల చెరువు తవ్వారు, నిరుడు ఎడమవైపూ తవ్వారు. ఊట చేలోకి దిగి, గట్ల వెంబడి పైరు ఎర్రబారి చచ్చిపోతోంది. వరికి కౌలుకడిగేవాళ్లు లేరు. చెరువులవాళ్లు మాత్రం "నీదీ ఇచ్చెయ్ బాబాయ్, అడ్వాన్సు రేపే ఇస్తాం" అంటున్నారు. ఇస్తే దిగువ చేను చేసుకునే కౌలు రైతుకు ఇదే గతి పడుతుంది. "ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. మేం జవాబు చెప్పలేక టీ తాగించి పంపాం.

చెప్పలేకపోవడానికి కారణం దాచడం ఎందుకు? మా కార్యవర్గంలోనే చెరువులున్నవాళ్లున్నారు. అయినా వాళ్లను ఆశపోతులనడానికి మాకు నోరు రాదు. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,777. తేమ పేరుతో అందులోనూ కోత. కోత మిషను బాడుగ, ఎరువులు, కూలి పోను ఎంత మిగులుతుందో పాఠకులకు మేం చెప్పాలా? చెరువు కౌలైతే తుపానొచ్చినా రాకపోయినా ముందే చేతికొస్తుంది.

ఇలాంటి చిక్కులకు పండితులు కొన్ని కొలతలు చెప్పారు. ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే సరైన పని అన్నాడు ఇంగ్లండు బెంథామ్. ఆ లెక్కన ఎగుమతి డాలర్లు, ఐసు ఫ్యాక్టరీలు, ప్లాంట్లలో ఆడవాళ్లకు దొరికే పని, అన్నీ కూడితే చెరువే గెలుస్తుంది. కానీ ఆ పద్దు రాసేదెవరు? నాట్లు పోయిన కూలీలు, ఉప్పుబారిన మంచినీళ్ల చెరువు, కౌలు కార్డు లేని రైతు అందులోకి ఎక్కరు. ఆ డాలర్ల లెక్కయినా ఎంత గట్టిదో 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చూశాం. రొయ్య ధర పడిందని చెరువును మర్నాడే వరి చేను చెయ్యలేం. 1977 ఉప్పెన ఉప్పు చేలల్లోంచి పోవడానికి ఎన్నాళ్లు పట్టిందో దివిసీమ పెద్దలనడగండి.

జర్మనీ కాంట్ వేరే ప్రశ్న వేశాడు: నువ్వు చేసే పని అందరూ చేస్తే నీకు సమ్మతమేనా? ఇది చెరువు రైతుకే ముందు తగులుతుంది. ఒకరు వదిలిన మురుగునీళ్లే ఇంకొకరు తోడుకుంటే ఏమవుతుందో 1990లలో తెల్లమచ్చ రోగం చూపించింది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చవద్దని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వాకు విడిగా చట్టం చేసింది. తీర్పు, చట్టం రెండూ ఉన్నాయి, మన సభ్యుడి గట్టు మీద ఊట కూడా ఉంది.

మా ఆలోచన తెగింది ఒకచోటే. మొదట తవ్వినాయనకు దారులు రెండున్నాయి, మధ్యలో మిగిలినాయనకు ఒకటే మిగిల్చారు. ఇద్దరూ తవ్వేది చెరువే అయినా ఇద్దరినీ ఒకే మాట అనడం న్యాయం కాదు. అయితే దిగువ కౌలు రైతుకు ఆ తేడాతో పనిలేదు. ఆయన పైరును చంపే ఊట ఎవరి చెరువుదైనా ఒకటే.

అందుకని మూడెకరాలాయనకు ఫోన్ చేసి ఇలా చెప్పాం. అడ్వాన్సు అప్పుడే తీసుకోవద్దు. ఇప్పుడున్న చెరువులవాళ్లు తమ స్థలంలోనే గట్టు వెనక్కి జరిపి ఊట కాలువ తవ్వాలి, పోయిన పైరుకు పరిహారమివ్వాలి, మురుగు బోదెలోకి వదలకూడదు. దీనికోసం సంఘం ఆయన వెంట నిలబడుతుంది. అప్పటికీ చేను నిలవకపోతే కౌలుకిచ్చినా తప్పుపట్టం. కానీ ముందు దిగువ రైతును కూర్చోబెట్టి అడగాలి, భూమి యజమానిని అడిగితే చాలదు. ఇకమీదట చెరువు తవ్వే మన సభ్యులెవరైనా చుట్టుపక్కల సేద్యం చేసేవాళ్ల సంతకాలు తీసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. ఇద్దరు ఒప్పుకోలేదు.

వచ్చే ఆదివారం ఆ చేల దగ్గరికి వెళ్తున్నాం. రెండు చెరువుల యజమానుల్లో ఒకాయన మన సభ్యుడే, వస్తానన్నారు. రెండో ఆయన ఇంకా ఏ మాటా చెప్పలేదు.