ధ్రువజ్యోతుల యాత్ర వెనుక తపాలా ఓడ

డిసెంబర్‌లో సూర్యుడు ముఖమైనా చూపని సముద్రతీరానికి డబ్బు చెల్లించి మరీ విహారయాత్రకు వెళ్లేవారుంటారా అన్న అనుమానం ఉష్ణదేశవాసులకు కలగడం సహజమే. ఉంటారు. నార్వే పశ్చిమ తీరంలోని బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న కిర్కెనెస్ వరకు వెళ్లి తిరిగి వచ్చే 12 రోజుల నౌకాయాత్ర ఇప్పుడు శీతాకాలంలోనూ ప్రపంచ ప్రసిద్ధం. దారిలో తగిలే రేవులు 34. ఆర్కిటిక్ వలయం దాటిన తరువాత నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య వరకు ట్రోమ్సో వంటి పట్టణాలలో పగలంటే మధ్యాహ్నం కాసేపు పరచుకునే నీలివెలుగు మాత్రమే. అయినా వెచ్చని ఉష్ణ ప్రవాహం పుణ్యమా అని అక్కడ సముద్రం గడ్డకట్టదు, రేవులు మూతపడవు. యాత్రికులు కోరి వచ్చేది రాత్రివేళ ఆకాశంలో ఆకుపచ్చగా కదలాడే ధ్రువజ్యోతుల కోసం. అవి కనిపించకపోతే మరో యాత్ర ఉచితమని ఒక నౌకా సంస్థ హామీ ఇవ్వడం గమనార్హం. ప్రకృతి తరఫున పూచీ పడే వ్యాపారం బహుశా మరెక్కడా ఉండదు.

అయితే ఈ ఆకర్షణకు మూలం పర్యాటక శాఖ ప్రణాళిక కాదు, ఒక తపాలా సంచి. 19వ శతాబ్దం చివరలో ట్రోండ్‌హైమ్ నుంచి ఉత్తరాన ఉన్న హామర్‌ఫెస్ట్‌కు ఉత్తరం చేరడానికి వేసవిలో మూడు వారాలు, శీతాకాలంలో ఐదు నెలల దాకా పట్టేదని చెబుతారు. చీకటిలో రాళ్ల మధ్య ఓడ నడపడం అసాధ్యమని నౌకా సంస్థలు చేతులెత్తేశాయి. రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మాత్రం తన ప్రయాణాలలో దిశలు, వేగాలు, కాలాలు నమోదు చేసుకున్న లెక్కలను నమ్ముకుని ముందుకు వచ్చాడు. ప్రభుత్వం ఆర్థిక సహాయంతో ఒప్పందం కుదుర్చుకుంది. 1893 జులై 2న వెస్టెరోలెన్ అనే ఆవిరి ఓడ ట్రోండ్‌హైమ్ రేవు వీడింది. ఆ సర్వీసుకు పెట్టిన పేరు 'హర్టిగ్రూటెన్', అంటే వేగమార్గం.

ఆ ఒప్పందపు స్వభావం నేటికీ మారలేదు. ఏ రేవులో ఏ వేళకు ఆగాలి, స్థానికులకు ఎంత చోటు కేటాయించాలి అన్నది ప్రభుత్వమే నిర్దేశిస్తుంది, టెండర్లు పిలుస్తుంది, నష్టం భర్తీ చేస్తుంది. 2021 నుంచి మొదలైన పదేళ్ల ఒప్పందం ప్రకారం పాత సంస్థకు ఏడు, హవిలా అనే కొత్త సంస్థకు నాలుగు నౌకలు దక్కాయి. పాత సంస్థ గుత్తాధిపత్యం అలా ముగిసింది. ఏర్పాటు లోపరహితమని అనలేం. కొత్త సంస్థ నౌకలు ఆలస్యంగా అందాయి. 2022లో ఒక నౌక రష్యా లీజింగ్ సంస్థ యాజమాన్యంలో ఉన్న కారణంగా ఆంక్షలలో చిక్కుకుని బెర్గెన్‌లో నిలిచిపోయింది. ఓడ రాని రోజు రేవు పట్టణాల నుంచి నిరసన వినిపించింది. అది విలాసం తప్పినందుకు చేసిన నిరసన కాదు, బస్సు రానప్పుడు పల్లెవాసి చేసేటటువంటిది.

అర్ధరాత్రి రెండు గంటలకు చిన్న రేవులో ఓడ పావుగంట ఆగుతుంది. సరకుల పెట్టెలు దిగుతాయి, ఒకటి రెండు కార్లు ఎక్కుతాయి, పక్క ఊరికి వెళ్లే వృద్ధురాలు సంచితో లోపలికి వస్తుంది. పై అంతస్తులో ఖరీదైన గదిలోని విదేశీయుడు నిద్రలోనే ఉంటాడు. ఎలాగూ నడవక తప్పని ఓడలో, శీతాకాలంలో ఖాళీగా మిగిలే గదులను నింపడానికి పుట్టినదే ఈ చీకటి విహారం. యాత్రికుని డబ్బు ప్రభుత్వ భారాన్ని కొంత తగ్గిస్తుంది. ప్రభుత్వ సొమ్ము యాత్రికునికి ఏడాది పొడవునా తప్పని కాలపట్టికను ఇస్తుంది. ఆర్థిక సూత్రం ఇంతే.

భారతదేశం ఇదే దారిని తలకిందులుగా తొక్కుతున్నది. విశాఖపట్నంలో సుమారు 96 కోట్ల రూపాయలతో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. 2029 నాటికి క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయాలన్న లక్ష్యంతో 2024 సెప్టెంబర్ 30న కేంద్రం 'క్రూయిజ్ భారత్ మిషన్' ప్రకటించింది. భవనం ముందు, ఓడ తరువాత, కాలపట్టిక ఆ పైన. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహారనౌక నడిచినప్పుడు జనం ఆసక్తి చూపిన మాట నిజం. కానీ లాభం ఉన్న రుతువులో వచ్చి, లేనప్పుడు మరో తీరానికి తరలిపోవడం ప్రైవేటు నౌకకు సహజ ధర్మం. ఆ నౌకను తప్పు పట్టడంలో అర్థం లేదు.

నార్వేతో పోలిక చెల్లదనేవారి వాదనలో బలం లేకపోలేదు. వెస్టెరోలెన్ బయలుదేరిన 1893లోనే మన తూర్పుతీరంలో విజయవాడ నుంచి కటక్ దిశగా రైలుమార్గం తెరుచుకోవడం మొదలైంది. నార్వే రైలు 1962లో బోడో పట్టణాన్ని చేరి అక్కడితో ఆగిపోయింది. రైలు ఉన్నచోట ఓడ ఎవరికి కావాలి? కాకినాడ, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్‌కు తెలుగు కూలీలను మోసిన ఓడలు సైతం చరిత్రలో కలిసిపోయాయి. నిజమే. కానీ రైలు వెళ్లలేని చోట్లు మన దేశంలోనూ ఉన్నాయి. లక్షద్వీప్ ఒకటి, అండమాన్ మరొకటి.

భద్రత విషయంలో పోలిక ఇంకా చేదుగా ఉంటుంది. 2019 మార్చి 23న ధ్రువజ్యోతుల యాత్ర ముగించుకుని ట్రోమ్సో నుంచి తిరిగి వస్తున్న 'వైకింగ్ స్కై' అనే ప్రైవేటు విహారనౌక తుఫానులో ఇంజన్లు ఆగిపోయి రాతి తీరం వైపు కొట్టుకుపోయింది. అందులో ఉన్నవారు 1,373 మంది. కందెన చమురు తగినంత లేకపోవడమే ఇంజన్లు ఆగడానికి కారణమని తరువాత తేలింది. హెలికాప్టర్లు 460 మందికి పైగా పైకి లాగి ఒడ్డుకు చేర్చాయి. మర్నాడు ఓడ రేవు చేరింది. ఒక్కరు కూడా మరణించలేదు. ఆరు నెలలు తిరగకుండానే, సెప్టెంబర్ 15న, పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగింది. 70 మందికి పైగా ఉన్న ఆ పడవలో సగానికి మించి ప్రాణాలు కోల్పోయారు. ఐదు వారాల తరువాత దానిని తాళ్లతో బయటకు లాగింది కాకినాడ మత్స్యకారుల బృందం.

విశాఖ నుంచి అండమాన్‌కు ప్రభుత్వ నౌకలో సుమారు మూడు రోజుల ప్రయాణం. ద్వీపాలలో స్థిరపడిన తెలుగువారు తక్కువేమీ కాదు. చార్జీలలో రాయితీ ఉంది, ప్రయాణికులూ ఉన్నారు. లేనిది స్థిరమైన తేదీ. ఓడ ఎప్పుడు బయలుదేరేదీ ఓడల లభ్యతను బట్టి, మరమ్మతులను బట్టి నిర్ణయమవుతూ వచ్చింది. క్రూయిజ్ మిషన్ నిధులలో కొంత భాగాన్ని ఈ సర్వీసుకు మళ్లించి, ఏడాదికి సరిపడా తేదీలు ముందే ప్రకటించి, పై అంతస్తులో కొన్ని గదులను విహారయాత్రికులకు పూర్తి ధరకు అమ్మవచ్చు. తేదీ తప్పితే జరిమానా విధించే నిబంధనను ఒప్పందంలో చేర్చవచ్చు. ఇందుకు కొత్త టెర్మినల్ అవసరం లేదు, ఉన్నదే చాలు.