కుదురు మన చేతిలోనిదే



కెమెరానో సెల్‌ఫోనునో చేతబట్టుకొని నడుస్తూ చిత్రీకరించేటప్పుడు బొమ్మ అదరకుండా నిలిపే సాధనాన్ని ఆంగ్లంలో జింబల్ అంటారు. దానికోసం తెలుగులో కొత్త మాట పుట్టించవలసిన పని లేదని నా అభిప్రాయం. నీళ్లకుండ ఒరగకుండా అడుగున పెట్టే గడ్డిచుట్టను మన పెద్దలు కుదురు అన్నారు. నిలకడగలవానిని కుదురైన మనిషి అంటాము. చక్కగా అమరిన పనిని కుదిరింది అంటాము. జింబల్ కూడ మూలంలో చుట్టే. వలయంలో వలయాన్ని కీలుపై నిలిపి, ఓడ ఎటు ఒరిగినా దిక్సూచి మట్టంగా ఉండేటట్లు నావికులు వాడుకొన్న అమరిక అది. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు జెరోలామో కార్డానో పేరు దానికి అంటుకొన్నది గాని, అమరిక ఆయనకంటె ప్రాచీనమైనది. కనుక ఈ టపాలో దానిని కుదురు అనే వ్యవహరిస్తాను.

ఇక నా వాదమిది. కుదురును మొదటిసారి కొనరాదు, చేసుకోవాలి. డబ్బు మిగులుతుందన్నది అందులో చిన్న లాభం. పెద్ద లాభం వేరే ఉన్నది.

అసలు ఈ సాధనం మనబోటివారికి దేనికి? ఒక్క ఉదాహరణ చాలును. ధనుర్మాసంలో తెల్లవారుజామున హరిదాసు వస్తాడు. తలపై రాగిపాత్ర, చేత చిడతలు, భుజాన తంబుర, కాళ్లకు గజ్జెలు. ఆయన ఒకచోట నిలువడు. బియ్యం పోయడానికి వచ్చిన ఇల్లాలి ముందు వంగుతాడే గాని తలపై పాత్రను దింపడు. కాలినడకన వచ్చే హరిదాసులు ఏటేటా తగ్గిపోతున్నారు. కొన్నిచోట్ల పాత్ర తలమీదనే ఉన్నా, కాళ్లకింద మోటారుసైకిలు, పాటకు స్పీకరు వచ్చి చేరాయి. ఆ నడకను, ఆ గజ్జెల లయను రేపటి పిల్లలకోసం పదిలపరచాలంటే ఆయన వెంట మనమూ నడవాలి. మూడుకాళ్ల స్టాండు అక్కడ కొరగాదు. విచిత్రమేమిటంటే, ఆడుతూ పాడుతూ నడిచే ఆయన తలపై పాత్ర తొణకదు. వట్టిచేతులతో వెనుక నడిచే మన బొమ్మ మాత్రం తొణుకుతుంది.

ఫోనులోనే అదురును సరిచేసే ఏర్పాటు ఉన్నది కదా అని కొందరు మిత్రులు అనవచ్చు. ఉన్నది, పట్టపగలు అది బాగానే పనిచేస్తుంది. లెక్కలతో సరిచేసే పద్ధతిలో ఫోను బొమ్మ అంచులను కొంత కత్తిరించి, మిగిలిన భాగాన్ని అటూ ఇటూ జరిపి నిలకడగా ఉన్నట్లు చూపుతుంది. కటకాన్నే కదిపే పద్ధతి మరొకటి ఉన్నది గాని అది చిన్న వణుకులకు సరిపోతుంది. మసకవెలుతురులో చిక్కు వస్తుంది. వెలుగు చాలనప్పుడు ఒక్కొక్క బొమ్మను గ్రహించడానికి ఫోను ఎక్కువ సమయం తీసుకొంటుంది. ఆ సమయంలో చేయి కదిలితే ఆ బొమ్మే అలుక్కుపోతుంది. అలుక్కుపోయిన బొమ్మను ఎటు జరిపినా స్పష్టత రాదు. మన జానపద కళలు చాలావరకు వేకువవో రాత్రివో అని గుర్తుంచుకొంటే, అదురును పుట్టకముందే ఆపడం ఎందుకు అవసరమో తెలుస్తుంది.

ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చినవాడు అమెరికా ఛాయాగ్రాహకుడు గారెట్ బ్రౌన్. ఆయన కల్పించిన స్టెడీకామ్ 1976లో వచ్చిన బౌండ్ ఫర్ గ్లోరీ, రాకీ చిత్రాలతో లోకానికి తెలిసింది. అందులో కెమెరాను నిలిపినది మోటారు కాదు. కెమెరా ఒక గడ పైకొసన, దానికి సరితూగే బరువు కిందికొసన, నడుమ సులువుగా తిరిగే కీలు, ఆపైన నడక కుదుపును మింగే స్ప్రింగుల చేయి. తరువాతి కాలంలో జానీ లీ అనే అమెరికా విద్యార్థి ఇదే సూత్రాన్ని ఇనుప నీళ్లగొట్టాలతో, వ్యాయామపు బరువుబిళ్లతో 14 డాలర్ల ఖర్చులోకి దించి, చేసే విధానాన్ని అందరికీ చెప్పేశాడు.

మన ఊళ్ల హార్డువేరు షాపు సరుకుతో ఇంకా చిన్నది చేయవచ్చును. 8 మిల్లీమీటర్ల మరకడ్డీ, అనగా థ్రెడ్ రాడ్, ఒక అడుగు పొడవున కావాలి. రాడ్ ఎండ్ బేరింగు ఒకటి కావాలి. అందులోని బంతి అన్ని దిక్కులకూ కొంతమేర వంగుతుంది, తనచుట్టూ తాను తిరుగుతుంది. బిగువుగా ఉన్నదాన్ని వదలి, వదులుగా తిరిగేదాన్ని ఏరుకోవాలి. కడ్డీని ఆ బంతి రంధ్రంలోనుంచి దూర్చి, పైనా కిందా నట్లు బిగించాలి. బేరింగు పక్కకు చాచిన కాడకు కర్రపిడి తొడగాలి. కడ్డీ పైకొసన చిన్న అల్యూమినియం పలక, దానిమీద ఫోను పట్టే హోల్డరు. కిందికొసన అడ్డంగా జానెడు పట్టీ, దాని రెండు చివరలా వాషర్లు. నేను చేసినదానికి 500 రూపాయలు కాలేదు.

తూకంలోనే ఉన్నది అసలు పాఠం. హోల్డరుతో కలిపి ఫోను 250 గ్రాములై, కీలుకు 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాం. కీలుకు 20 సెంటీమీటర్ల దిగువన 125 గ్రాములు పెడితే రెండూ సరితూగుతాయి. కడ్డీ తన బరువును తానూ కొంత కలుపుతుంది. గరిమనాభి కీలుకు వెంట్రుకవాసి దిగువన ఉండాలి. మరీ దిగువనుంటే నిలబడిన ప్రతిసారీ గడియారపు లోలకంవలె ఊగుతుంది. పైకి పోతే తలకిందులవుతుంది. పక్కకు వంచి వదిలితే రెండు మూడు సెకండ్లలో మెల్లగా లేవాలి. 8 మిల్లీమీటర్ల సాధారణ మరలో నట్టును ఒక చుట్టు తిప్పితే కీలు 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది. కంసాలి త్రాసుకు తీసిపోని సన్నని దిద్దుబాటు అది. ఇక వాషర్లు పట్టీ చివరలనే ఎందుకు? దొమ్మరాటలో తాడుమీద నడిచేవారు పొడుగాటి గడ ఎందుకు పట్టుకొంటారో అందుకే. బరువు దూరంగా పరచుకొన్నకొద్దీ వస్తువు తొందరపడి తిరుగదు.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు ఈ పనిలో నాకు తోడైనాడు. గరిమనాభి నిర్వచనాన్ని తప్పులేకుండా అప్పజెప్పగలడు. నట్టును రెండు చుట్లు తిప్పగానే, అంతవరకు ఊగులాడిన కడ్డీ నిలిచిపోవడం చూసి, "మాస్టారూ, ఇదేనా అది!" అన్నాడు. ముప్ఫైయేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాట విలువ నాకు తెలుసు. అతనికి పుస్తకంలోని మాట ఆ క్షణాన చేతికి తగిలింది.

మోటార్ల కుదురు మాటేమిటి? మూడు మోటార్లు, వంపును కొలిచే ఒక చిన్న చిప్పు, ఆ కొలతనుబట్టి మోటార్లను నడిపే పలక తెప్పించుకొని అదీ ఇంట చేసుకొనేవారున్నారు. ఆ చిప్పులో రెండు కొలతలు ఉంటాయి. ఒకటి తిరిగే వేగాన్ని చెబుతుంది గాని పోనుపోను దారి తప్పుతుంది. రెండవది కిందిదిక్కును చెబుతుంది గాని నడక కుదుపుకు మోసపోతుంది. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించగా నిజం తేలుతుంది. ముచ్చటైన ఏర్పాటే. ఐనా అక్కడకూడ ఫోనును ముందు సరితూచి పెట్టవలసిందే. తూకం తప్పితే మోటార్లు వేడెక్కుతాయి, బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. మోటారు ఉన్నది తప్పు దిద్దడానికి, బరువు మోయడానికి కాదు. విద్యార్థి వ్యాసం రాసుకొని వస్తే పంతులు ఎర్రసిరాతో దిద్దగలడు. తెల్లకాగితం తెచ్చి దిద్దమంటే ఏం చేస్తాడు? అందుకే తూకం చేతితో నేర్చినవారు తరువాత మోటార్లది కొన్నా దానిని సవ్యంగా వాడగలరు.

చేసుకొన్న కుదురుకు హద్దులూ ఉన్నవి. గాలి గట్టిగా వీస్తే తిరుగుతుంది. అరగంటకు మణికట్టు నొప్పి పెడుతుంది. నడకలోని పైకీ కిందికీ ఊపును అది ఆపలేదు. చేతబట్టుకొనే మోటారు కుదుర్లు కూడ సరిచేసేది ప్రధానంగా వంపునే, ఆ ఊపును కాదు. మోకాళ్లు కొద్దిగా వంచి, మడమ ముందు ఆనించి, మెత్తగా అడుగువేయడమే దానికి మందు. తలపై పాత్రతో నడిచే హరిదాసుకు ఈ విద్య ఎవరూ విడిగా నేర్పనక్కరలేదు.

పెద్ద కెమెరాలవారు వచ్చి మన ఊరి కళలను పదిలపరుస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటే, వారు వచ్చేనాటికి పాడేవారుండరు. ఫోను ఇంటింటా ఉన్నది. కడ్డీ, కీలు, గుప్పెడు వాషర్లు ప్రతి ఊరి బజారులోనూ ఉన్నవి. బడిలో తొమ్మిదో తరగతి పిల్లలచేత నాలుగు కుదుర్లు చేయించి, సంక్రాంతి నెలలో ఊరిమీదికి పంపితే భౌతికశాస్త్రమూ వంటబడుతుంది, ఊరి పాటా నిలుస్తుంది. ఉపాధ్యాయులైన బ్లాగ్మిత్రులు ఈ మాట ఆలోచించగోరుతాను. ధనుర్మాసం రాకముందే కడ్డీ కొనిపెట్టుకొనండి.

సెలవు.