రొట్టె కొనేవాళ్ళ మాట

1775లో ఫ్రాన్సులో జరిగిన ‘పిండి యుద్ధాన్ని’ అల్లరిమూకల దోపిడీ అని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను.

అసలు గొడవేమిటో ముందు చూద్దాం. ధాన్యం ఎక్కడ అమ్మాలో, ఎలా అమ్మాలో అక్కడ అధికారులే చూసేవారు. జనానికి తిండి అందేలా చూడటం రాజు బాధ్యత అనుకునేవారు. కెనే, ఆయన శిష్యులు దీన్ని తప్పుబట్టారు. మంచి ధర వస్తేనే రైతు ఎక్కువ పండిస్తాడనీ, వ్యాపారిని వదిలేస్తే మిగులున్న చోటి నుంచి కొరత ఉన్న చోటికి సరుకు అదే చేరుతుందనీ అన్నారు. 1763-64లో ప్రభుత్వం ఆ మాట విన్నది. పంటలు దెబ్బతిని ధరలు మండాక 1770లో వెనక్కి తగ్గింది.

అదే ఏడాది గలియానీ పుస్తకం వచ్చింది. సరుకు చేరుతుంది సరే, చేరేలోపు మనిషి ఏం తినాలి? ఇదీ ఆయన ప్రశ్న. ఆ రాతప్రతిని సరిదిద్ది అచ్చుకు సిద్ధం చేసింది డిడెరో, ఆయనతోపాటు లూయీజ్ దెపినే అనే రచయిత్రి. ఆమె పేరు మనలో ఎంతమంది విన్నాం?

1774 సెప్టెంబరులో మంత్రి తుర్గో దేశం లోపలి ధాన్య వ్యాపారాన్ని మళ్ళీ స్వేచ్ఛగా వదిలేశాడు. ఆ ఏడు పంట బాగాలేదు. ధరలు పెరుగుతున్నా, దిగుమతి చేసేవాళ్ళకు ప్రోత్సాహకాలు ప్రకటించింది ఏప్రిల్ చివర్లోనే. కొద్ది రోజులకే పారిస్ చుట్టుపక్కల సంతల్లో జనం తిరగబడ్డారు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. దోచుకున్నవాళ్ళు లేకపోలేదు. కానీ చాలాచోట్ల సెతియే కొలత గోధుమకు 12 లీవ్రులని ధర తామే కట్టి, ఆ డబ్బిచ్చి మరీ పట్టుకెళ్ళారు. దొంగ ఎక్కడైనా డబ్బిచ్చి పోతాడా? అది కూడా ఒక వాదనే. కాకపోతే పుస్తకంలో కాదు, సంతలో చేశారు. దానికి జవాబుగా సైన్యం వచ్చింది, పారిస్‌లో ఇద్దర్ని ఉరితీశారు. మరుసటి ఏడాది తుర్గో పదవీ పోయింది.

తుర్గో చెడ్డవాడని నేననను. లిమోజ్‌లో కరువొచ్చినప్పుడు పేదలకు పనులు కల్పించినవాడు ఆయనే. రైతుకు ధర రావాలన్న మాటలోనూ న్యాయం ఉంది. కానీ కూలిలో సగం దాకా రొట్టెకే పోయే ఇంటికి ఆ మార్పు మోసే బలం ఉందా అని ముందే అడగాల్సింది. రోజూ రొట్టె కొనేవాళ్ళను ఎవరూ పిలిచి అడగలేదు.

వచ్చే ఏడు పంట బాగుంటుందన్న మాటతో ఈ రాత్రి పొయ్యి వెలగదు. ఏ సంస్కరణైనా ముందు ఈ లెక్క చూసుకోవాలి. ఏమంటారు?