ఎవరితో పోతున్నారు?

పోయిన వారం ఆవకాయ జాడీల గురించి చెప్పుకున్నాం. ఈ వారం వంటిల్లు కాసేపు పక్కన పెడదాం. నేను చేసిన ఒక తొందరపాటు పని మీకు చెప్పుకోవాలి. చదివి మెచ్చుకున్నా సరే, మొట్టికాయ వేసినా సరే.

మాది జనగామ. నా చిన్ననాటి దోస్తు భూపాలపల్లిలో ఉంటుంది. ఇద్దరం మహబూబాబాద్‌లో ఒకే వాడలో పెరిగాం, ఇంటర్ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. తర్వాత పెళ్లిళ్లయి నేనిటు, ఆమె అటు. వాళ్లాయన సింగరేణిలో బొగ్గుబాయి పని చేసేవారు. "రిటైరైనంక నిన్ను సింగపూర్ తీస్కపోత" అని మాటిచ్చి, ఇద్దరికీ పాస్‌పోర్టులు కూడా తీయించారు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుందనగా గుండెపోటుతో వెళ్లిపోయారు. ఏడాదిన్నర అయింది.

నా పాస్‌పోర్టు కథ వేరు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి పురుడుకి వెళ్దామని తీయించుకున్నాను. ఆఖరికి వాళ్లత్తగారు వెళ్లారు. నాది బీరువాలో పట్టుచీరల కింద, ఒక్క ముద్ర కూడా పడకుండా ఉండిపోయింది.

ఒక సోమవారం పప్పు తిరగమోత వేస్తుంటే దోస్తు ఫోను చేసింది.

"ఏమే, నీ పాస్‌పోర్టు ఉన్నదా? శుక్రవారం పోయి మంగళవారం వద్దాం. కౌలాలంపూర్."

"పిచ్చి లేసిందా నీకు?"

"లేసింది. వస్తవా, రావా?"

తిరగమోత మాడిపోయింది. "వస్త" అనేశాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

వీసా సంగతి వాళ్లబ్బాయి కనుక్కున్నాడు. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా మన దేశం వాళ్లను వీసా లేకుండానే 30 రోజుల వరకు రానిస్తోంది. ఆ గడువును మధ్యలో పొడిగించారు కూడా. హైదరాబాదు నుంచి విమానం నేరుగా వెళ్తుంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. భూపాలపల్లి నుంచి హైదరాబాదుకు బస్సులో రావడానికి కూడా ఇంచుమించు అంతే పడుతుంది మరి! డబ్బుల సంగతంటారా, కొత్త ఫ్రిజ్ కోసం ఎత్తిన చీటీ డబ్బులు నా దగ్గరున్నాయి. ఫ్రిజ్ ఇంకో ఏడాది ఆగుతుందిలే అనుకున్నాను.

ఇక ఇంట్లో చెప్పడం. మా ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండా "ఎవరితో?" అన్నారు. చెప్పాను. "అది సరే, ఎవరితో?" అని మళ్లీ అడిగారు. మా అత్తమ్మ కూడా అదే ప్రశ్న. పక్కింటావిడా అదే. ఇద్దరు ఆడవాళ్లు కలిసి వెళ్తే, ఎవరూ లేకుండా వెళ్తున్నట్టే లెక్క!

నాకు ప్రశ్నలతోనే సరిపోయింది. పాపం, దానికి మాటలు పడ్డాయి. "మొగడు పోయి రెండేండ్లు కాలే, అప్పుడే షికార్లా?" అన్నారట చుట్టాలు. బుధవారం రాత్రి ఫోను చేసి, "వద్దులే, టికెట్ పైసలు పోతే పోనీ" అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత" అని ఫోను పెట్టేశాను. ఒట్టి బెదిరింపే. జనగామ స్టేషన్లో కూడా ఒక్కదాన్నీ రైలెక్కి ఎరగను. కానీ పనిచేసింది.

మహబూబాబాద్ నుంచి మా చెల్లెలు వచ్చి అత్తమ్మ దగ్గర ఉంటానంది. అత్తమ్మ బీపీ మాత్రలు ఏ పూటవి ఆ పూటకు చీటీ రాసి అంటించాను. మూడు రకాల పొడులు చేసి పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నం దోస్తు జనగామ బస్టాండులో దిగింది. ఇద్దరం ఉప్పల్ వెళ్లి, అక్కణ్ణుంచి శంషాబాదు చేరాం.

తెల్లారేసరికి కౌలాలంపూర్‌లో ఉన్నాం. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఇమిగ్రేషన్‌లో అమ్మాయి ఎన్ని రోజులు ఉంటారు, ఎక్కడ దిగుతారు అని అడిగి, ముద్ర వేసి ఇచ్చింది. "ఎవరితో" అని అడగని మొదటి మనిషి ఆమే!

జంట టవర్ల గురించి మీరు వినే ఉంటారు. 88 అంతస్తులు. 1998 నుంచి కొన్నేళ్లు ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన భవనాలు అవే. పైకెక్కే టికెట్టు మేం కొనలేదు. కింద పార్కులో కూర్చుని, మెడలు నొప్పి పుట్టేలా చూస్తూ, మా అత్తమ్మ కట్టిచ్చిన సకినాలు తిన్నాం. అడిగింది అడిగినా, సకినాలు కట్టివ్వడం మాత్రం మర్చిపోలేదు ఆవిడ.

రెండో రోజు పొద్దున రెండు నదులు కలిసే చోటికి వెళ్లాం. ఆ ఊరి పేరుకు అర్థం బురద సంగమం అట. ఊరు పుట్టింది గనుల వల్లే. 1857లో తగరం తవ్వడానికి 87 మంది చైనా కూలీలు పడవల్లో వచ్చి ఇక్కడ దిగారు. నెల తిరిగేసరికి 18 మందే మిగిలారు. మిగతావాళ్లు అడవిలో మలేరియాతో పోయారు. ఇదంతా ఫోనులో చూసి పైకి చదువుతూ, సగంలో నాలుక కరుచుకున్నాను. పక్కనున్నది బాయిపని మనిషి భార్య కదా.

అది చాలాసేపు నీళ్లకేసి చూసింది. "వాళ్ల పెండ్లాలకు ఎవలు చెప్పిన్రో, ఎన్నడు చెప్పిన్రో" అంది. తర్వాత ఏడ్చింది. ఏడాదిన్నరలో ఇంట్లో ఎప్పుడూ మనసు తీరా ఏడవలేదట. కొడుకు బాధపడతాడని, చుట్టాలు చూస్తారని. ఎవరికీ తెలియని ఊళ్లో, మెట్ల మీద కూర్చుని, గంటసేపు ఏడ్చింది. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చున్నానంతే. లేచి మొహం తుడుచుకుని, "ఆయన సింగపూర్ అన్నడు. నేను అటు దిక్కు సగం వచ్చిన" అని నవ్వింది. "ఆకలైతుందే, ఏమన్న తిందాం నడువు" అంది.

మూడో రోజు బాటు గుహలకు లోకల్ రైలులో వెళ్లాం. అక్కడ 140 అడుగుల బంగారు రంగు మురుగన్ విగ్రహం ఉంది, 2006లో కట్టారు. రంగురంగుల మెట్లు 272. కోతులతో జాగ్రత్త, చేతిలో సంచి కనబడితే లాక్కుంటాయి. మెట్ల మీద ఆయాసపడుతుంటే ఒక పెద్దావిడ మా మాటలు విని ఆగి, "తెలుగువాళ్లా?" అంది. నాకు ఒళ్లు జల్లుమంది. వాళ్ల ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఓడలో వచ్చారట. అలా వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే.

ఆవిడ కూడా అడిగింది, "ఎవరితో వచ్చారమ్మా?" అని. నేను నోరు తెరిచేలోపే మా దోస్తు నా చెయ్యి పట్టుకుని, "దీంతోని" అంది. పెద్దావిడ తలూపి, "మంచిది" అని మెట్లెక్కింది.

వెళ్లాలనుకునేవారికి నాలుగు మాటలు. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు, పెద్దవాళ్లకు పదేళ్లు పనిచేస్తుంది. ప్రయాణం నాటికి దానికి ఆరు నెలలైనా గడువు ఉండాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు చూసుకోండి. అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. తిరుగు టికెట్టు, హోటల్ కాగితం చేతిలో ఉంచుకోండి. పచ్చళ్లు చేతిసంచిలో పెట్టకండి. ఎండుకొబ్బరి అసలే వద్దు, నూనె ఉండి మంట అంటుకుంటుందని విమానంలోకి రానివ్వరు. మాత్రలకు డాక్టరు చీటీ జతచేయండి.

మంగళవారం ఇంటికొచ్చాను. ఇల్లు ఇల్లులాగే ఉంది. ఒక్క గిన్నె మాడలేదు. అత్తమ్మ "మీ చెల్లె చారు మంచిగ పెడ్తది" అంది. నిజం చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది. పాతికేళ్లుగా నేను కదిలితే ఇల్లు కూలిపోతుందనుకుని కదలలేదు. నాలుగు రోజులు లేకపోతే ఏమీ కాలేదు. ఆ రాత్రి కొంచెం బాధగా, చాలా హాయిగా నిద్రపట్టింది. పొద్దున్నే మా ఆయన టీ పెట్టి తెచ్చారు. చక్కెర ఎక్కువైంది. ఏమీ అనకుండా తాగాను.

మీ ఇంట్లో కూడా బీరువాలో చీరల కింద ఏదో ఒకటి ఉండే ఉంటుంది, పాస్‌పోర్టే కానక్కర్లేదు. ఒకసారి తీసి చూడండి. దాని గురించి నాకు ఉత్తరం రాయండి. వచ్చే వారం కొబ్బరిపాలతో వాళ్లు వండే నాసి లెమాక్ అన్నం మన పద్ధతిలో ఎలా చేసుకోవాలో చెబుతాను. ఉంటాను మరి.